పిసికి విసరవలెను

ఏటా వానాకాలం మొదలవగానే ఒక జాబితా జనం మీద పడుతుంది. 'చచ్చేలోపు వెళ్ళి తీరాల్సిన వింత తిండి పండుగలు' అని దాని పేరు. రాసినవాడెవడో తెలియదు. వాడైనా వెళ్ళొచ్చాడా అంటే అదీ తెలియదు. పంపేవాళ్ళు మాత్రం మనకు బాగా కావలసినవాళ్ళే. ఈ ఏడు నాకు నలుదిక్కుల నుంచీ వచ్చింది. ఆఖరున పంపింది మా తోడల్లుడు. కింద ఒకే ఒక్క ముక్క రాశాడు: "అన్నయ్యా, ఈసారి స్పెయిన్!"

సరే, చదివాను. ఇంగ్లండులో గ్లాస్టర్ దగ్గర కూపర్స్ హిల్ అని నిట్టనిలువు గుట్ట ఒకటుందట. దాని మీంచి చీజ్ చక్రాన్ని దొర్లిస్తారు, వెనకాలే మనుషులూ దొర్లుతారు. ముందు కిందికి చేరినవాడికి చీజు, తతిమ్మావాళ్ళకి కట్లు. ఇటలీలో ఇవ్రియా అనే ఊళ్ళో కార్నివాల్‌కి నారింజలతో కొట్టుకుంటారు. అవి అక్కడ కాసేవి కావు, ఎక్కడో దక్షిణాన సిసిలీ నుంచి తెప్పించుకుని మరీ కొట్టుకుంటారు. థాయ్‌లాండ్‌లోని లోప్‌బురిలో బల్లలు పరిచి కోతులకు పళ్ళూ కూరగాయలూ విందు పెడతారు. ఇందులో వింతేమిటో నాకు బోధపడలేదు. యాదగిరిగుట్టలో కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని నడిచినవాడెవడికైనా అది పండుగ కాదు, మామూలు మంగళవారం. మెక్సికోలో ఒహాకా అనే ఊళ్ళో 1897 నుంచీ డిసెంబరు 23న ముల్లంగి దుంపలను బొమ్మలుగా చెక్కి పోటీకి పెడుతున్నారు. నాకు నచ్చింది ఇదొక్కటే. ఎవడూ ఎవణ్ణీ కొట్టడు. అందుకే కాబోలు జాబితాలో అట్టడుగున పడేశారు.

అన్నిటికన్నా పైన ఉన్నది బున్యోల్. స్పెయిన్‌లో వలెన్సియా దగ్గర పది వేల మంది కూడా లేని ఊరు. ఆగస్టు ఆఖరి బుధవారం పొద్దున నడివీధిలో ఒక స్తంభం పాతి, దానికి సబ్బు పూసి, కొసన ఒక పంది తొడ మాంసం వేలాడదీస్తారు. మన ఉట్టి కొట్టడం లాంటిదే, కాకపోతే కృష్ణుడికి పనికిరాని ఉట్టి. ఒకడి భుజాల మీద ఒకడు ఎక్కి, జారి, కింద ఉన్నవాడి నెత్తిన కూలబడుతుంటారు. ఆ తరవాత లారీలు వస్తాయి, వంద టన్నుల పైచిలుకు పండు టమాటాలతో. సరిగ్గా గంటసేపు ఊరంతా ఒకరి మొహాన ఒకరు టమాటాలు కొట్టుకుంటారు. గంట కాగానే ఆపేస్తారు. ఫైరింజన్లు వచ్చి వీధి కడుగుతాయి. టమాటా పులుపుకి రాళ్ళు తళతళలాడతాయని కూడా చెబుతారు. దేశానికి ఒక్క ఊరి రోడ్డయినా శుభ్రపడుతోంది కదా, మంచిదే.

నన్ను కట్టిపడేసింది మాత్రం అక్కడి నిబంధన. విసిరేముందు టమాటాను పిసకాలి. ఎదుటివాడికి దెబ్బ తగలకూడదని. ఎంత దయ చూడండి! చేతిలోకి తీసుకో, కసితీరా పిసుకు, రసం మోచేతి దాకా కారనీ, అప్పుడు వాడి మొహాన కొట్టు. ఇందులో ధర్మసూక్ష్మాలు చాలా ఉన్నాయి. ఎంత పిసికితే పిసికినట్టు? తొక్క చిట్లితే చాలా, గింజలు కూడా బయటపడాలా? బాగా పిసికాక చేతిలో మిగిలింది టమాటా కిందికొస్తుందా, చారు కిందికొస్తుందా? పిసక్కుండా కొట్టినవాడిని తిరిగి పిసక్కుండా కొట్టవచ్చునా, లేక ఆత్మరక్షణలోనూ పిసకవలసిందేనా? పిసికాడో లేదో తేల్చే అధికారి కళ్ళలోనే రసం పడితే ఆయన వాంగ్మూలం చెల్లుతుందా? అదే మన దగ్గరైతే ఈపాటికి దీని మీద ఒక కమిటీ, కమిటీ మీద ఒక పిల్, పిల్ మీద ఒక స్టే వచ్చి ఉండేవి. టమాటాలు మాత్రం లారీలోనే కుళ్ళేవి.

మా తోడల్లుడికి ఈ విద్యలో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కూకట్‌పల్లి రైతుబజార్లో ఆయన ఏళ్ళుగా సాధన చేస్తున్నాడు. అరకిలో టమాటాల కోసం గంపలో సగం కాయలు బొటనవేలితో నొక్కి చూస్తాడు. "సారూ, గట్ల పిసుకుతే మిగిలినయి ఎవరు కొంటరు?" అని అమ్మే ఆవిడ మొత్తుకుంటుంది. "చూసి తీసుకోవద్దా అమ్మా?" అని ఈయన న్యాయం చెబుతాడు. నొక్కినవన్నీ వేలిముద్రలతో గంపలోనే పడి ఉంటాయి. తూకం అయ్యాక కొసరు అడుగుతాడు. కొసరు కాయను మాత్రం నొక్కడు.

ఆయన వెళ్తానంటే నాకు బాధ లేదు. బున్యోల్ మీద నాకు కోపం అసలే లేదు, నిజానికి గౌరవం. 1945లో ఊరేగింపులో కుర్రాళ్ళ మధ్య గొడవ ముదిరి, పక్కనే ఉన్న కూరగాయల దుకాణంలోని టమాటాలు చేతికందడంతో మొదలైందా వేడుక. అప్పట్లో స్పెయిన్‌ను ఏలిన ఫ్రాంకో నియంతృత్వంలో దాన్ని నిషేధించారు. 1957లో ఊరివాళ్ళు ఒక పెద్ద టమాటాను శవపేటికలో పెట్టి, బ్యాండు మేళంతో ఊరంతా ఊరేగించి అంత్యక్రియలు చేశారు. సర్కారు దిగొచ్చింది. నియంత ఎదుట టమాటాకి పాడె కట్టిన ఊరది. అలాంటి ఊరు గంట కాదు, వారం రోజులు కొట్టుకున్నా నేనేమీ అనను. పైగా, తినడానికి పనికిరానివే వాడతామని కూడా చెప్పుకుంటారు. జనం మరీ విరగబడుతున్నారని 2013 నుంచి టికెట్టు పెట్టి, ఇరవై వేల మందికి మించి రావొద్దన్నారు. బుద్ధిమంతులు.

మనవాళ్ళకి ఆ ఊరి మీద ఇంత ప్రేమ 2011లో ఒక హిందీ సినిమాలో ఈ టమాటాల ఆట చూశాకే పుట్టుకొచ్చింది. ఆ ఏడే బెంగళూరు, మైసూరుల్లో అదే ఆట ఆడదామని కొందరు పోస్టర్లు వేశారు. అప్పటి ముఖ్యమంత్రి సదానంద గౌడ, తిండి ఇలా పారబోస్తారా అని అనుమతి ఇవ్వొద్దన్నారు. పాపం, ఆ కుర్రాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. బస్సెక్కి కర్నూలు జిల్లాకి వచ్చి ఉంటే అనుమతి, టికెట్టు, పోస్టరు ఏదీ అక్కర్లేకపోయేది.

ఎందుకంటే పత్తికొండలో ఈ పండుగ మనం ఎప్పటి నుంచో చేసుకుంటున్నాం. రోడ్డుంది, టమాటాలున్నాయి, ట్రాక్టర్లున్నాయి. ధర కిలో రూపాయికి పడిపోయిన రోజే ముహూర్తం. బున్యోల్ వాళ్ళకి ఏడాదికొక్క బుధవారం, మనకి ఏ వారమైనా పరవాలేదు. పర్యాటక శాఖ దృష్టికి ఈ సంగతి ఎవరూ తీసుకెళ్ళకపోవడం విచారకరం. 2018-19 కేంద్ర బడ్జెట్టులో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ అని ప్రకటించారు. టమాటా జ్యూసు ఫ్యాక్టరీ మాట అయితే పత్తికొండలో ఎన్నికల్లో వినిపిస్తూ వచ్చింది. ఆ హామీల రసమే పట్టి సీసాల్లో పోసి ఉంటే ఈపాటికి ఎగుమతి చేసేవాళ్ళం.

2023 జూలై ఆఖరున మదనపల్లె మార్కెట్లో కిలో రెండు వందల దాకా వెళ్ళింది. దేశం గగ్గోలు పెట్టింది. టీవీల్లో వంటలవాళ్ళు వచ్చి టమాటా లేని పప్పు ఎలా చేయాలో నేర్పారు. ఆంధ్రాలో ప్రభుత్వమే కొని రైతుబజార్లలో యాభైకి అమ్మింది, క్యూలు కట్టాం. రెండు నెలలైనా తిరక్కముందే ఉమ్మడి కర్నూలు జిల్లా రైతులు అవే టమాటాలను రోడ్డు మీద పోశారు. అప్పుడు క్యూ లేదు. ఫొటో మాత్రం వచ్చింది.

ఆ ఫొటో కింద మనవాళ్ళు రాసే మాట చూశారా? 'పారబోసే బదులు పేదలకు పంచొచ్చు కదా!'

పంచొచ్చు. ఎవడు పంచుతాడు? పాతిక కిలోల గంపకి పాతిక రూపాయలు. దానికి హైదరాబాదులో ఒక ఇరానీ చాయ్ వస్తుంది. అందులోంచే కోత కూలి, ఆటో కిరాయి, మండీ కమీషను. మదనపల్లె వైపైతే జాక్‌పాట్ అని వ్యాపారులు వందకిన్ని పెట్టెలు ఊరికే పట్టుకుపోతారు, దోపిడీకి లాటరీ పేరు! నారు కొని, కట్టెలు పాతి, మందులు కొట్టి, అప్పు చేసి పండించిన మనిషి, సరుకు ఇంటికి తిరిగి మోసుకెళ్ళడానికి కిరాయి లేక రోడ్డు మీద పోస్తే, వాడికి తిండి విలువ తెలియదా? నీకు తెలుసా? కొసరు కాయ కోసం పది నిమిషాలు వాదించి, టమాటాల్లో దొర్లడానికి విమానమెక్కే నీకు తెలుసా? వాడు పోస్తే పాపం, నువ్వు పోస్తే అనుభవం. మళ్ళీ దాన్ని 'జీవితంలో ఒక్కసారైనా' అని మాకు పంపుతావు! వాడు చూస్తూనే ఉన్నాడయ్యా, జీవితంలో ఎన్నిసార్లో!

సరే, రక్తపోటు మాత్ర వేసుకున్నాను. అధికారుల సౌకర్యార్థం పత్తికొండ పండుగకు నిబంధనలు కూడా నేనే రాసి పెట్టాను. ఇక్కడ విసిరేముందు పిసకనక్కర్లేదు, కొయ్యాలి. తెల్లారకముందే చేలో దిగి, నడుం వంచి, పాతిక కిలోల గంప నింపి, నెత్తిన పెట్టుకుని గట్టు దాకా మోసినవాళ్ళకే రోడ్డు మీదికి ప్రవేశం. టికెట్టు డబ్బు నేరుగా రైతు చేతికి. బేరం లేదు, కొసరు లేదు, జాక్‌పాట్ లేదు. సెల్ఫీ దిగి 'అయ్యో, ఎంత వేస్టు' అని పోస్టు పెట్టదలచినవారు అదనంగా ఇంకో గంప కొని, సొంత ఖర్చుతో ఊరికి తీసుకెళ్ళి, పేదలకు పంచి, రసీదు తెచ్చి చూపించవలెను.