ఫొటో వెనక రెండు వరుసలు

మొన్నటి సంక్రాంతి సంబరాల మీద మన తెలుగు సంఘం గ్రూపులో చాలా చర్చ జరిగింది. ముగ్గుల పోటీ తీర్పులు, భోజనాల వరస, పిల్లల డాన్సులు ఆలస్యం కావడం, అన్నీ వచ్చాయి. ఫొటోల గోడ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మనుషులు, పడవలు, పాత కార్లు, లైట్‌హౌసులు అని నాలుగు బోర్డులు పెట్టారు. ఇళ్లలోంచి తెచ్చిన ఫొటోలూ నెట్‌లోంచి తీసిన ప్రింట్లూ కలిపి అతికించారు. జనం భోగిపళ్ల దగ్గరకంటే అక్కడే ఎక్కువసేపు నిలబడ్డారు. ఆ గోడ మీద రెండు ఫొటోలకు జరిగింది చెప్పి తీరాలి.

మొదటి బహుమతి వచ్చింది ఒక లైట్‌హౌసు ఫొటోకి. కొండంత అల లేచి గోపురాన్ని చుట్టేస్తుంటే, కింద గుమ్మంలో చిన్నగా ఒక మనిషి. మీరందరూ చూసే ఉంటారు, పోస్టర్లుగా ప్రపంచమంతా తిరిగిన ఫొటో. గోడ మీద దాని కింద ఒక్క అక్షరం లేదు. అది ఫ్రాన్సులో, బ్రిటనీ తీరం అవతల ఊషాన్ దీవి దగ్గరున్న లా జుమాన్ లైట్‌హౌసు. 1989 డిసెంబరు 21న, తుపానులో, హెలికాప్టర్‌లోంచి జాఁ గిషార్ తీశాడు. గుమ్మంలో ఉన్నది కాపలాదారు తెయోదోర్ మాల్గోర్న్. హెలికాప్టర్ చప్పుడు విని, తనను తీసుకుపోవడానికి వచ్చిందనుకొని తలుపు తీశాడు. అల మీద పడేలోపు లోపలికి దూరి తలుపేసుకొని బతికాడు. ఈ సంగతి తెలిశాక మళ్లీ ఆ ఫొటో చూడండి. చూపు అల మీదినుంచి ఆ గుమ్మానికి వెళుతుంది, అక్కడినుంచి కదలదు. ఆ ఫొటోకున్న బలంలో సగం ఈ వివరాలదే.

అదే బోర్డు మీద అడుగున, ఓ మూల, పోస్టుకార్డు సైజు నలుపుతెలుపు ఫొటో ఉంది. భీమిలి బీచి, పొట్టి తెల్ల లైట్‌హౌసు, ముందు ఫియట్ కారు, కారు చుట్టూ ఏడెనిమిది మంది. దాని పక్కనే కుర్చీ వేసుకొని ఒక పెద్దావిడ కూర్చున్నారు. కూతురి దగ్గరికి ఆరునెలలకు వచ్చినావిడ. దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతూనే ఉన్నారు: "బానెట్ మీద చెయ్యేసినాయన మా పెద్ద మావగారండీ. కారు మాది కాదు, ప్లీడరు గారిది. ఫొటో కోసమని ఒక పూట ఇచ్చారు. ఆ చివర పిల్ల మా ఆడబిడ్డ, మరుసటేడే పోయింది." విన్నవాళ్లు "అలాగా అండీ" అన్నారు. ఒక్కరూ రాసుకోలేదు. ఆమె చెప్పిన మాట ఒక్కటీ ఆ ఫొటోలో కనపడదు. కనపడేది కారున్న కుటుంబం, అంతే.

రాత్రి హాలు ఖాళీ చేసే వేళకి ఆ ఫొటో వెనక నాలుగు మూలలా వేసిన డబుల్ టేపు పట్టుకుంది. పాత స్టూడియో అట్ట ఏళ్లు గడిచేకొద్దీ దానిలోని ఆమ్లం వల్లే పెళుసెక్కుతుంది, అస్సలు వంగదు. లాగేసరికి అట్ట అడ్డంగా విరిగింది. విరుపు సరిగ్గా మనుషుల మొహాల మీదుగా పోయింది. వాలంటీర్ల మీద నాకు కోపం లేదు. జీతం లేని పని, పైగా హాలు గడియారం తరుముతుంది, సామాను పెట్టెలో ఉన్న టేపే వాడతారు. ఈ పని ఎలా చెయ్యాలో మనమెవరమూ వాళ్లకు చెప్పలేదు, తప్పు అక్కడుంది.

నెట్‌లో బాగున్న ఫొటోలు పోగుచెయ్యడం చులకన చెయ్యాల్సిన పని కాదు. మనిళ్లలో పాత క్యాలెండరు బొమ్మ కత్తిరించి పటం కట్టించుకునేవాళ్లు, అదీ సేకరణే. దానివల్ల కన్ను కుదురుతుంది: వెలుగు ఎటునుంచి పడింది, అల ఏ క్షణంలో దొరికింది అన్నది తెలుస్తుంది. కాకపోతే ఫొటో దింపుకున్న రోజే తీసినవాడి పేరు, చోటు, తేదీ, ఎక్కడ దొరికింది అన్న నాలుగూ ఫైలు వివరాల్లో రాసుకోవాలి. తర్వాత వెతికితే వంద కాపీలు దొరుకుతాయి, అసలు ఎవరిదో తేలదు. ఇండియాలో 2012 కాపీరైటు చట్ట సవరణ తర్వాత ఫొటోకి హక్కు తీసినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఇంట్లో చూసుకోవడం వేరు, సావనీరులో అచ్చేసుకోవడం వేరు. అచ్చుకి అనుమతి అడగాలి.

ఇంటి ఫొటోల దగ్గరికొస్తే, మన అలవాట్లే వాటిని సగం తిన్నాయి. పటం కట్టేవాడు ఫొటోని అద్దానికి ఆనించి బిగించేవాడు. వానాకాలం చెమ్మకి ఫొటో పైనున్న జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. పోయినవాళ్ల పటానికి తడి దండ వేస్తాం, గంధం కుంకుమ పెడతాం, సున్నం గోడకి తగిలిస్తాం. మూడూ చెమ్మే. ఆ పెట్టిన బొట్టులో ప్రేమ ఉంది, దాన్ని తప్పని ఎలా అంటాం? బొట్టు కాపీకి పెట్టుకుందాం. అసలుది పెట్టెలో ఉండాలి. అద్దానికి అతుక్కున్నదాన్ని పీకకండి, నీళ్లలో నానబెట్టకండి. చేత్తో రంగులు వేసిన స్టూడియో ఫొటో అయితే రంగు నీళ్లలోనే పోతుంది. అద్దం తీయకుండా అలాగే స్కాన్ చెయ్యండి.

డెబ్బైలు, ఎనభైల్లో వచ్చిన జిగురు చారల ఆల్బం, అదే, పైన ప్లాస్టిక్ కాగితం ఎత్తి మూసేది, ఇంకా చెడ్డది. ఆ జిగురు పసుపెక్కి రాయిలా గట్టిపడుతుంది. ముందు ప్రతి పేజీనీ ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసుకోండి, వరస పోతే ఏది ఎప్పటిదో తెలియదు. తర్వాత పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో కింద ఒక మూలనుంచి దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగితే చాలావరకు ఊడివస్తుంది. రాకపోతే ఆ పేజీని అలాగే వదిలెయ్యండి. కొత్త కవర్లు కొనేటప్పుడు మెత్తగా, కొత్త రెయిన్‌కోటు వాసన వేసే పీవీసీవి వద్దు. పాలిప్రొపిలీన్‌వో పాలియెస్టర్‌వో తీసుకోండి. అటకా బేస్‌మెంటూ వద్దు, ఒకచోట వేడి, ఇంకోచోట చెమ్మ. మనం పడుకునే గదిలోని అలమరా మంచిది. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు, 65 దాటితే బూజు.

ఎర్రగా మారిపోయిన డెబ్బైల నాటి పెళ్లి ఫొటోలు ఎండ తగిలి పాడయ్యాయనుకుంటారు. చీకట్లో ఉన్నా ఆ రంగు ప్రింట్లలో నీలాకుపచ్చ రంగు ముందు వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. స్కాన్ చేస్తే కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. నలుపుతెలుపు ఫొటో అంచుల్లో నీలంగా మెరిసే పొర వెండి పైకి తేలడంవల్ల వచ్చేది. దాన్ని తుడవకండి.

ఇక రాయడం. బాల్‌పెన్ను వద్దు, ఒత్తు అవతలికి తేలుతుంది. 2బీ కంటే గట్టి పెన్సిలు వాడొద్దు. ఫొటోని శుభ్రమైన గట్టి బల్ల మీద బోర్లా పెట్టి, వెనక అంచున రెండు వరుసలు: ఎడమనుంచి కుడికి పేర్లు, ఎవరు ఎవరికేమవుతారో, ఊరు, సంవత్సరం, కారు ఎవరిది, పడవ ఎవరిది. సంవత్సరం తెలియకపోతే "1960–65 మధ్య" అని రాయడమే నిజాయితీ. ఎనభైల తర్వాతి ప్లాస్టిక్ పూత ప్రింట్ల మీద పెన్సిలు పడదు, చీటీ రాసి కవర్లో పెట్టండి. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ తన గాజు నెగటివ్‌ల మీద నంబర్లు వేసి పెట్టేవారు. ఆయన పోయింది 1905లో. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్న ఆయన 2,857 నెగటివ్‌లను ఇవాళ వరసపెట్టి చూడగలుగుతున్నామంటే ఆ నంబర్ల పుణ్యమే.

చెప్పేవాళ్లు లేనప్పుడు ఫొటోలోని వస్తువులనే అడగాలి. ముందు తలుపులకి మడతబందులు వెనకవైపున్న ఫియట్ 1100 అయితే అరవైల మధ్యకి ముందు మోడలు. కారు మీద ప్రీమియర్ పద్మిని అనుంటే డెబ్బైల్లోకి వచ్చినట్టే. నంబరు ప్లేటు మీద 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాలుంటే చాలావరకు ఆంధ్రప్రదేశ్ బండి, 1989కి ముందు పద్ధతి. రాజమండ్రి దగ్గర గోదావరిలో తెరచాప పడవ ఉండి వెనక ఒక్క హేవ్‌లాక్ వంతెనే కనిపిస్తే 1974లో రోడ్డు–రైలు వంతెన రాకముందు తీసింది అయ్యుండాలి, నదిని ఏ వైపునుంచి తీశారో మాత్రం చూసుకోవాలి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఇప్పటి లైట్‌హౌసు కనిపిస్తే 1957 తర్వాతే. లైట్‌హౌసుల మీది రంగు పట్టీలు అందానికి వేసినవి కావు. పగటిపూట నావికుడు ఇది ఫలానా చోటని గుర్తుపట్టడానికి వేస్తారు, కాబట్టి అవి మనకూ గుర్తే.

సముద్రప్పడవల్లో పలకల అతుకు దగ్గర మేకుల వరస ఉందా, కొబ్బరితాడు కుట్టు ఉందా చూడండి. కుట్టు ఉంటే అది మసూలా పడవ, అలల దెబ్బకి విరక్కుండా వంగేలా కట్టింది. దుంగలు పక్కపక్కన కట్టింది తెప్ప. పెళ్లివారితో నిండిన కోనసీమ పడవల ఫొటోలు మనలో చాలామంది ఇళ్లలో ఉన్నాయి. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో వచ్చేదాకా అక్కడ రేవు దాటకుండా పెళ్లి జరగలేదు. రంగూన్ స్టూడియో ముద్ర ఉన్న అట్ట దొరికితే మరీ జాగ్రత్త. 1942లో యుద్ధానికి బర్మానుంచి కాలినడకన వచ్చేసిన తెలుగు కుటుంబాలు వెంట తెచ్చుకోగలిగింది చాలా కొంచెం.

స్కానింగు పెద్ద విద్య కాదు. ప్రింటుకి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, నలుపుతెలుపుదైనా రంగులోనే. నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటు అప్పుడు 2400 బై 3600 చుక్కలొస్తుంది, నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైలు దాదాపు 26 ఎంబీ. ఆగ్ఫా క్లిక్ కెమెరా రోజుల చదరపు నెగటివ్‌లు దొరికితే వదలకండి, వాటిలో ప్రింటులో లేని వివరం ఉంటుంది. 2400 డీపీఐలో చెయ్యండి. నెగటివ్‌ల డబ్బా తెరిస్తే పులిసిన వెనిగర్ వాసన వస్తే ఫిలిం కుళ్లడం మొదలైనట్టు, దాన్ని మిగతావాటినుంచి వేరుచేసి ముందు దాన్నే స్కాన్ చెయ్యాలి. స్కానర్ మీద మెరుపు కొడితే ఫోను కంటే కెమెరా నయం: ఫొటోని బల్ల మీద పరిచి, రెండు దీపాలు చెరోపక్క 45 డిగ్రీల కోణంలో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తేదీ వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి. 1977 దివిసీమ ఉప్పెనలో మనుషులతోపాటు ఇంటింటి పటాలూ పోయాయి. మిగిలినవి వేరే ఊళ్లో చుట్టాల దగ్గరున్న కాపీలే. అందుకే ఒక కాపీ ఇక్కడ, ఒకటి అక్కడ ఉండాలి.

కార్యవర్గానికి నా మనవి. ఉగాదికి ఫొటోల గోడ పెట్టండి, కాని దాని మీద అసలు ఫొటో ఒక్కటీ వద్దు, అన్నీ కాపీలే. బహుమతి ఇవ్వాలనుకుంటే కింద వివరం రాసిన ఫొటోలనే పోటీకి తీసుకోండి. గోడ పక్కన రెండు బల్లలు, రెండు స్కానర్లు, ఒక్కో బల్లకి ఇద్దరు: ఒకరు స్కాన్ చెయ్యడానికి, ఒకరు పెద్దవాళ్ల పక్కన కూర్చొని అడిగి రాయడానికి. ఫొటోకి ఆరు నిమిషాలు వేసుకున్నా నాలుగు గంటల్లో ఎనభై ఫొటోలవుతాయి. అసలుది అప్పటికప్పుడే వాళ్ల చేతికి తిరిగిచ్చెయ్యాలి, వాలంటీర్లు ఇంటికి తీసుకెళ్లకూడదు. అడిగేవాళ్లు తెలుగు చదవడం రాయడం వచ్చినవాళ్లయితే మేలు, మన బడి పిల్లల్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టవచ్చు. ప్రశ్న కూడా "ఇదెవరు?" అని కాకుండా "మామ్మగారూ, ఈ పక్కనున్నాయన మీకేమవుతారండీ? ఈ కారెవరిది?" అని ఉండాలి.

భీమిలి ఫొటో ముక్కలకి టేపు వెయ్యకుండా, రెండింటినీ గట్టి అట్ట మీద ఆనించి, పాలియెస్టర్ కవర్లో పెట్టి, కలిపి స్కాన్ చెయ్యమని వాళ్లమ్మాయికి చెప్పాం. పెద్దావిడ ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటారు. ఉగాది రోజు మొదటి కుర్చీ ఆవిడకే వేయించండి.