సవరణ: సువార్తికుల (క్రీస్తు సువార్త ప్రకటించేవారి) పని సభలతో ఆగదు

"సువార్తికుడు సభ పెట్టి వెళ్తాడు, తర్వాత సంఘాన్ని పాస్టరుగారు చూసుకుంటారు" అని మొన్నటి పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాను. విశాఖలో గాజువాక, మధురవాడ వైపు పాఠకుల నుంచి వచ్చిన అభ్యంతరాలు న్యాయమైనవే. బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:11-12 ప్రకారం సువార్తికులను ఇచ్చింది విశ్వాసులను సేవకు సిద్ధం చేయడానికి. మైకు పట్టుకోవడం అందులో ఒక ముక్కే. ఇంటింటికీ ఎలా వెళ్లాలో, ఎదుటివారి మాట ఎలా వినాలో సంఘస్థులకు నేర్పాలి. కష్టమంతా అక్కడే, ఫ్లెక్సీల్లో మాత్రం అది కనిపించదు. బైబిల్లోని సువార్తికుడు ఫిలిప్పు సమరయలో జనసమూహానికి బోధించాడు, గాజా దారిలో రథం ఎక్కి ఒక్క ఐతియోపీయుడి పక్కనా కూర్చున్నాడు. 1805లో విశాఖ వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ కూడా తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి పూనుకున్నారు. ఆ పోస్టులో పాస్టర్ల గురించి రాసినదాంట్లో మార్పేమీ లేదు.