అలర్జీ రాని పిల్లి అంటూ ఏదీ లేదు

హన్మకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: 'అలర్జీ ఉన్నవాళ్లు బొచ్చు లేని స్ఫింక్స్ పిల్లిని గానీ, సైబీరియన్‌ని గానీ కొనుక్కోండి, తుమ్ము కూడా రాదు. అనుమానముంటే వారానికోసారి స్నానం చేయిస్తే సరి.'

ముందు బొచ్చు సంగతి. గొడవంతా వెంట్రుకతో కాదు, ఫెల్ డి 1 అనే ప్రొటీన్‌తో. అది పిల్లి లాలాజలంలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో తయారవుతుంది. పిల్లి పొద్దస్తమానం ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కదా, ఆ తడి ఆరాక సన్నటి పొడిలా గాల్లో తేలుతుంది. స్ఫింక్స్‌కు బొచ్చు లేకపోవచ్చు గానీ నాలుక ఉంది, చర్మం ఉంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తా ముట్టకుండానే దగ్గు రాదా? ఇదీ అంతే. పిల్లిని ఇచ్చేసినా సోఫాలో, పరుపులో ఆ పొడి నెలల తరబడి ఉండిపోతుంది.

సైబీరియన్లలో కొన్నింటికి ఈ ప్రొటీన్ తక్కువే ఉండొచ్చు. కానీ ఒకే జాతిలో పిల్లికీ పిల్లికీ చాలా తేడా ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఎక్కువ, ఆడపిల్లిలోనూ ఆపరేషన్ అయిన మగపిల్లిలోనూ సాధారణంగా తక్కువ. అంటే వేలు పోసి కొన్న మగపిల్లి కన్నా మన వీధిలో తిరిగే ఆడ పిల్లి నయం కావచ్చు! పైగా అంత దట్టమైన బొచ్చున్న పిల్లిని వరంగల్ మే ఎండల్లో ఏసీ గదిలోనే ఉంచాలి. తలుపులు మూసిన గదిలో మీరూ, అదీ, ఆ పొడీ.

స్నానం చేయిస్తే తగ్గేది నిజమే, కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. గీరుళ్లు అదనం. ఈ ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేయనీయకుండా చేసే, గుడ్డు నుంచి తీసిన యాంటీబాడీ కలిపిన పిల్లి తిండి కూడా ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీ అధ్యయనంలోనే మూడో వారం నుంచి పిల్లి వెంట్రుకల మీద ఆ ప్రొటీన్ తగ్గింది సగటున 47 శాతం, మొత్తం కాదు.

జాతి పేరు చూసి అడ్వాన్స్ కట్టకండి. ముందు డాక్టర్ దగ్గర చర్మ పరీక్ష చేయించుకోండి. తర్వాత మీరు తెచ్చుకోవాలనుకున్న పిల్లి దగ్గరికే నాలుగైదు సార్లు వెళ్లి గంటల తరబడి కూర్చోండి. ఇప్పటికే ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఈ ప్రయోగానికి దిగొద్దు.