సన్నమూతి వాల్వు

విశాఖ నుంచి అరకుకి సైకిల్ మీద వెళ్తానంటే మా ఆవిడ ఒకటే మాట అంది, "పొద్దున్నే కిరండూల్ రైలుంది కదండీ?" అని. నేను వింటేనా! వేలకు వేలు పోసి కొన్న గేర్ల సైకిలు రెండేళ్లుగా బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోడానికే పనికొస్తోంది. అందుకని మెత్త కుట్టిన నిక్కరు, చేతి తొడుగులు, హెల్మెట్, జేబులో పట్టే పంపు, అన్నీ కొన్నాను. తోడొచ్చిన మా బావమరిది మాత్రం వాళ్ల నాన్న కాలం నాటి నల్ల సైకిలు, మెడకో మఫ్లరు, డబ్బాలో పులిహోరతో తయారయ్యాడు.

శృంగవరపుకోట దాకా రాజాలా తొక్కాను. అక్కడ ఇడ్లీ తింటుంటే ఆవిడ ఏదో ఫొటో పెట్టి "ఫ్రిజ్ మీదుంది, కావాలా, పారెయ్యనా?" అని అడిగింది. చేతికి చట్నీ. ఫొటో తెరవకుండానే ఎడం చేత్తో "పారెయ్" అని కొట్టేశాను.

ఆ తర్వాత ఘాట్ రోడ్డు. మ్యాపులో 115 కిలోమీటర్లని చూసి మురిసిపోయానే గానీ, కోట దాటాక దాదాపు 1000 మీటర్లు పైకెక్కాలన్న సంగతి నా మోకాళ్లు చెప్పేదాకా బుర్రకెక్కలేదు. 21 గేర్లున్న సైకిల్లో మొదటిది తప్ప మిగతా 20 ఎందుకు పెట్టారో అర్థం కాలేదు. నేను రొప్పుతూ తొక్కుతుంటే, మా వాడు దిగి సైకిలు నడిపించుకుంటూ, పులిహోర తింటూ, నాకంటే పది అడుగులు ముందే ఉన్నాడు. పక్కన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయట. నాకైతే ముందు చక్రం తప్ప ఏమీ కనబడలేదు.

అనంతగిరి ఇంకాస్త దూరం ఉందనగా వెనక చక్రం "స్‌స్‌స్" అంది.

తోసుకుంటూ తోసుకుంటూ ఓ పంక్చర్ల పాక చేరాం. అక్కడి పెద్దాయన ట్యూబు తీసి నీళ్ల తొట్లో ముంచి, బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఊదుకుని, ముక్క అతికించాడు. ఐదు నిమిషాల పని. గాలి కొడదామని పంపు తెచ్చి అక్కడే ఆగిపోయాడు.

"ఇదేటి బాబూ, ఈ సన్నమూతేటి? దీని వాల్‌ట్యూబేదీ?"

ఫారిన్ వాల్వండీ, పంపుకి మధ్యలో ఓ ఇత్తడి ముక్క బిగించాలండీ అని గర్వంగా సంచిలో చెయ్యి పెట్టాను. సంచి తిరగేశాను. నా పంపూ ఆ ముక్క లేకుండా దానికి పట్టదు. అప్పుడు తెరిచానండీ ఆ ఫొటో. వేలి గోరంత ఇత్తడి ముక్క, ఫ్రిజ్ మీద, మామిడికాయ ఊరగాయ సీసా పక్కన.

"మా అక్క ఆలోచించి పారేసే మనిషి కాదు బావా," అన్నాడు మా వాడు. ఓదార్పో, దెప్పో తెలీలేదు.

చివరికి గుమ్మడికాయల బస్తాలతో అరకు పోతున్న జీపొకటి దొరికింది. సైకిలు పైన తాళ్లతో కట్టారు, నేను బస్తాల మధ్య ఇరుక్కున్నాను. మా వాడు తన నల్ల సైకిలు మీదే వస్తానన్నాడు, వచ్చాడు కూడా. దిగాక డ్రైవరు నాకు 50, సైకిలుకి 100 అన్నాడు. అదేంటయ్యా అంటే, "మీరు మజ్జలో సర్దుకున్నారు గదా, అది సర్దుకోదు" అన్నాడు.

పెద్దాయన అడిగిన ప్రశ్నకి మాత్రం ఇంకా జవాబివ్వలేదు. డబ్బులు తీసుకుంటూ అడిగాడు, "ఏం బాబూ, ఇయ్యాల రైలు రానేదా?"