సవరణ: రద్దయ్యేది ఎన్‌హెచ్‌ఎస్ కాదు, ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లాండ్

నిన్నటి పోస్టులో బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఉచిత వైద్య వ్యవస్థ) ఎత్తేస్తున్నారు, ఇక వైద్యం ఫ్రీ కాదు అని రాశా కదా, అది తప్పు, హెడ్డింగ్ సగం చదివి రాసేశా. 2025 మార్చి 13న ప్రధాని కీర్ స్టార్మర్ రద్దు చేస్తామన్నది ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లాండ్‌ని, అంటే ఇంగ్లాండ్‌లో హాస్పిటళ్లకి డబ్బులు పంచి పైనుంచి అజమాయిషీ చేసే ఆఫీసుని. ఆ పనులన్నీ ఆరోగ్య శాఖలో కలిపేస్తారు, దానికి చట్టం కూడా మార్చాలి. ప్రభుత్వ ప్రకటన, పార్లమెంటులో ఆరోగ్య మంత్రి చెప్పింది చూసి ఇది రాస్తున్నా.

జీపీ (మామూలు జబ్బులకి ముందుగా చూపించుకునే ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికెళ్తే ఇప్పట్లాగే ఫీజు ఉండదు, 1948లో లేబర్ పార్టీ ప్రభుత్వం పెట్టిన పద్ధతి అలాగే ఉంది. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌లవి వేరే ఏర్పాట్లు, వాటికి దీంతో పనిలేదు.

అసలు ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లాండ్‌కి అంత స్వతంత్రం ఇచ్చింది డేవిడ్ కామెరాన్ ప్రధానిగా ఉన్న టైంలో, 2012 చట్టంతో. మంత్రులు రోజూ వేలు పెట్టకూడదని అప్పుడు దూరం పెట్టారు, ఇప్పుడేమో ఒకే పని రెండు చోట్ల జరుగుతోందని మళ్లీ మంత్రి చేతికే ఇస్తున్నారు. దీంతో వైద్యం కోసం ఎదురుచూసేవాళ్ల వెయిటింగ్ లిస్టులు తగ్గిపోతాయంటే మాత్రం నాకు నమ్మకం లేదు.

హెల్త్ సర్‌ఛార్జ్ సంగతి కామెంట్లలో అడిగినవాళ్లకి: వీసా మీదున్న మనవాళ్లు ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం కోసం కట్టే ఆ సర్‌ఛార్జ్, 2024 ఫిబ్రవరిలో పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు చేశారే, అది వేరే విషయం, ఈ రద్దుతో సంబంధం లేదు.