ముందు ఇల్లు, తరువాత పునాది

ఇల్లు లేవాలంటే ముందు పునాది తవ్వాలన్నది మన తాపీమేస్త్రీల చాదస్తం మాత్రమేనని డిజిటల్ ప్రభుత్వాన్ని కట్టి మరీ నిరూపించిన ఘనత మన దేశానిది. 2009 జనవరిలో, చట్టమనేదే లేకుండా, ఒక్క నోటిఫికేషన్‌తో ఆధార్ సంస్థ వెలిసింది. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో తొలి సంఖ్య జారీ అయింది. ఆ డిసెంబరులో తీరిగ్గా పార్లమెంటుకు వెళ్ళిన బిల్లును, ఏడాది తరువాత స్థాయీ సంఘం ఈ రూపంలో ఒప్పుకోబోమని చెప్పేసింది. పిరికివాళ్ళయితే అక్కడే ఆగిపోయేవారు. మనవాళ్ళు వేలిముద్రలు సేకరిస్తూనే ఉన్నారు.

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని వెక్కిరించడానికి కూడా వీల్లేదు. సోమలింగం నిజంగానే పుట్టాడు, పెరిగాడు, గ్యాస్ సబ్సిడీ సైతం తెచ్చుకున్నాడు. జరగనిదల్లా అతని తల్లిదండ్రుల పెళ్ళి. 2016 మార్చిలో, సంఖ్యలు వంద కోట్లకు చేరువవుతుండగా, ఆధార్ చట్టంతో ఆ ముచ్చటా తీరింది. ద్రవ్య బిల్లు కాబట్టి పెద్దల సభ మాటకు కట్టుబడనక్కరలేదు. వారు సూచించిన ఐదు సవరణలను లోక్‌సభ ఆ రోజే తోసిపుచ్చింది. ఇక చట్టంలోని 59వ సెక్షను చదివితే కళ్ళు చెమరుస్తాయి: 2009 నోటిఫికేషన్ కింద చేసినవన్నీ ఈ చట్టం కిందనే సక్రమంగా చేసినట్టు భావించాలట. ఏడేళ్ళ కిందటే తాళి కట్టినట్టు అనుకోవాలని శుభలేఖలోనే అచ్చు వేయించడమన్నమాట.

గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017లో తేల్చారు, వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. గృహప్రవేశమైన పదిహేనేళ్ళకు తలుపులకు కొలతలు తీసుకున్నారు. ఆలస్యమని సణిగేవారికి వడ్రంగం తెలియదు.

పునాది ముందుగా పడిన సందర్భం ఒకటి లేకపోలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ పత్రానికి కాగితంతో సమాన గౌరవం ఇచ్చింది, ప్రభుత్వ కార్యాలయాలు దానిని స్వీకరించవచ్చునంది. ఆ వెంటనే, స్వీకరించి తీరాలని పట్టుబట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదని 9వ సెక్షనులో విన్నవించింది. మన ఆఫీసుల బల్లలను ఇంత దగ్గరగా ఎరిగిన చట్టం మరొకటి లేదు. మొన్న ఒక కార్యాలయంలో నేను సెల్‌ఫోనులో ధ్రువపత్రం చూపించగా, గుమాస్తాగారు కళ్ళజోడు సవరించుకొని దానిని ఆసాంతం చదివి, “బాగుందండీ, జిరాక్సు తీయించి, దాని మీద సంతకం పెట్టి పట్రండి” అన్నారు.