పెయోటీని వారికే వదిలేయాలి

అమెరికాలో టెక్సస్ దక్షిణపు అంచున, రియో గ్రాండే పరిసరాల్లోని తుప్పల నీడలో ముళ్లు లేని చిన్న జెముడు మొక్క ఒకటి పెరుగుతుంది. పేరు పెయోటీ. తింటే భ్రాంతులు కలిగించే ఈ మొక్క అక్కడి ఆదివాసులకు పవిత్రం. విత్తు మొలిచి కోతకు రావడానికి పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నేలకు సమంగా పైభాగం కోస్తే వేరు మళ్లీ చిగురిస్తుంది. దొంగతనంగా వచ్చేవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? వేళ్లతో సహా పెకలించుకుపోతున్నారు. ఈ మొక్కను ఆదివాసులకే వదిలేయాలన్నది మా అభిప్రాయం.

పెయోటీని ప్రసాదంలా తీసుకునే ఆదివాసుల మత సంస్థ, 1918లో ఓక్లహోమాలో ఏర్పడిన నేటివ్ అమెరికన్ చర్చిలో ప్రార్థన ఎలా సాగుతుందో తెలిస్తే దీన్ని మత్తు అనడానికి నోరు రాదు. రాత్రి టీపీ గుడారంలో గుండ్రంగా కూర్చుంటారు. నెలవంక ఆకారంలో మట్టి గద్దె, దగ్గర్లో నిప్పు. లోపల నీళ్లు పోసి తోలు బిగించిన డప్పు చేతులు మారుతుంటే పాట కూడా దాని వెంటే మారుతుంది. పెయోటీ మహా చేదు, చాలామందికి ముందు వాంతి వస్తుంది. జబ్బుపడ్డ బిడ్డ కోసమో, తాగుడు మానాలనుకునే మనిషి కోసమో తెల్లార్లూ ప్రార్థిస్తారు. తెల్లవారాక ఒక స్త్రీ నీళ్లు తెస్తుంది. తర్వాత మొక్కజొన్న, మాంసం, పండ్లు అందరూ పంచుకుంటారు.

మెక్సికోలోని విరారికా ఆదివాసులకైతే మొక్కజొన్న, జింక, పెయోటీ వేర్వేరు కావు. వందల కిలోమీటర్లు దాటి, పెయోటీ పెరిగే విరికూతా ఎడారికి వాళ్లు చేసే యాత్రామార్గాన్ని 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

పెయోటీలో పనిచేసేది మెస్కలిన్ అనే రసాయనం. మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేసి, చూపునూ కాలస్పృహనూ పది పన్నెండు గంటలు మార్చేస్తుంది. గుండె దడ, బీపీ పెరుగుతాయి. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు ఇది ప్రమాదమే. ప్రార్థనలో పక్కన పెద్దలుంటారు, వీకెండ్ పార్టీలో ఎవరుంటారు?

ఈ ఆచారం కోసం ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పెయోటీ తీసుకున్నందుకు ఓరెగన్‌లో కొలువు పోయిన ఇద్దరికి నిరుద్యోగ భృతి ఇవ్వక్కర్లేదని 1990లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. గిరిజనులు పోరాడాకే 1994లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి రక్షణ ఇచ్చింది. తీరా 2019లో ఓక్లాండ్ నగరం ఇలాంటి మొక్కలపై కేసులు వద్దని తీర్మానిస్తే, పెయోటీ మీద ఒత్తిడి పెరుగుతుందని వాళ్లే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. 2022లో కొలరాడో రాష్ట్రం మాత్రం మెస్కలిన్‌కు సడలింపు ఇస్తూనే పెయోటీని మినహాయించింది. అదే సరైన దారి. మెస్కలిన్‌ను 1919లోనే ల్యాబ్‌లో తయారుచేశారు, పరిశోధనకు ఈ మొక్కే కావాలనడంలో అర్థం లేదు.

ఆచారానికి చట్టం చోటివ్వడం మనకూ తెలిసిందే. గంజాయిని నిషేధించిన 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టం ఆకును మాత్రం నిర్వచనానికి బయటే ఉంచింది. ఉత్తరాదిన హోలీనాటి భాంగ్ అలా మిగిలింది. మెస్కలిన్‌కు, ఎల్ఎస్‌డీకి ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, ఉండక్కర్లేదు కూడా. అమెరికాలోని మన పిల్లలూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నగరం కేసు పెట్టకపోయినా ఫెడరల్ చట్టం అలాగే ఉంది, దొరికితే వీసాకే ముప్పు.

టెక్సస్‌లో 605 ఎకరాల్లో ఆదివాసులే పెయోటీని కాపాడుకుంటున్నారు. చుట్టూ మాత్రం పశువుల మేత కోసం నేలను లోతుగా దున్నేస్తూనే ఉన్నారు. 1994 చట్టం ప్రార్థనకు రక్షణ ఇచ్చింది, మొక్క పెరిగే నేలకు ఇవ్వలేదు. ఆ నేలను కాపాడే రైతులకు అమెరికా ప్రభుత్వం డబ్బు చెల్లించాలి, కోతహక్కు ఆదివాసులకే ఉండాలి.